క్రెడిట్ కార్డు బాకీకి సెటిల్మెంట్: ఎవరు ఒప్పుకోవచ్చు, ఏ కాగితం చూసి ఒప్పుకోవాలి

నెలాఖరు (చర్చ మొదలుపెట్టిన సభ్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. నాకు రెండు క్రెడిట్ కార్డులు ఉన్నాయి. పెద్ద కార్డు మీద నేను వాడుకున్న అసలు ₹2,10,000. ఉద్యోగం పోయి ఏడు నెలలు ఖాళీగా ఉండవలసి రావడంతో, తొమ్మిది నెలలుగా ఆ కార్డుకు ఒక్క రూపాయి కూడా కట్టలేకపోయాను. ఇప్పుడు స్టేట్‌మెంటులో బాకీ దాదాపు ₹3,02,000 అని చూపిస్తున్నారు. రెండో కార్డు మీద ₹40,000 ఉంది. దానికి మాత్రం మినిమమ్ డ్యూ (ప్రతి నెలా కనీసం కట్టవలసిన మొత్తం) ఎలాగో కట్టుకుంటూ వచ్చాను. రెండు నెలల కిందట కొత్త ఉద్యోగం దొరికింది కానీ జీతం పాతదానికన్నా బాగా తక్కువ, పైగా ఆ జీతం పడేది పెద్ద కార్డు ఇచ్చిన బ్యాంకులోని ఖాతాలోనే.

నిన్న రికవరీ ఏజెన్సీ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ₹1,45,000 కడితే సెటిల్మెంట్ కింద, అంటే మిగిలిన బాకీ వదిలేసి, ఫైలు మూసేస్తామని, ఈ నెలాఖరే ఆఖరి గడువని, అందులో ₹35,000 ఈరోజే తాను పంపే లింకు ద్వారా వేస్తేనే ఆ అవకాశం నిలుస్తుందని చెప్పారు. కాగితం ఏదైనా ఇస్తారా అని అడిగితే, డబ్బు పడ్డాక వస్తుందన్నారు. నా చేతిలో ₹60,000 ఉంది, మిగిలినది మా బావగారు సర్దుతానన్నారు. మూడు నాలుగేళ్ళలో ఇంటి అప్పు తీసుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. సగానికి సగం తగ్గుతుంటే ఒప్పుకోవడమే మంచిదా, లేక దీని వెనుక నాకు తెలియని చిక్కు ఏదైనా ఉందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

లెక్కల పుస్తకం

మొదట ఆ మూడు లక్షలు ఎలా తయారయ్యాయో చూసుకుంటే భయం కొంత తగ్గుతుంది. వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే ₹2,10,000 మీద నెలకు ₹7,350. దాని మీద 18 శాతం జీఎస్టీ ₹1,323. రెండూ కలిపి ₹8,673. తొమ్మిది నెలలకు ₹78,057 అయింది. ఆలస్య రుసుము నెలకు ₹1,300, జీఎస్టీతో ₹1,534 అనుకుంటే తొమ్మిది సార్లకు ₹13,806. అసలుతో కూడితే ₹3,01,863 వస్తుంది. అంటే మీ స్టేట్‌మెంటు దాదాపు సరిగానే ఉంది. కట్టని రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21 నాటి కార్డుల నిబంధనల్లోనే చెప్పింది కాబట్టి, ఇంతకన్నా బాగా ఎక్కువ చూపిస్తే అడిగే హక్కు మీకుండేది.

వాళ్ళు చెప్పిన ₹1,45,000 మొత్తం బాకీలో 48 శాతం, అసలులో 69 శాతం. బేరం ఎప్పుడూ మొత్తం మీద శాతంగా చెబుతారు, ఎందుకంటే తగ్గింపు పెద్దదిగా కనబడుతుంది. మీరు మాత్రం అసలుతో పోల్చి చూసుకోండి.

ఇంకొక అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును పట్టుకుని, తమ బాకీ చెల్లదని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. నెలకు మూడున్నర అంటే ఏడాదికి 42 శాతం. వినడానికి ఘోరంగా ఉన్నా, వడ్డీ ఎక్కువన్న ఒక్క కారణంతో బాకీ రద్దు కాదు.

బకెట్ నాలుగు

నేను కలెక్షన్ పనిలో ఆరేళ్ళు ఉన్నాను, ఇప్పుడు లేను. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. గడువు దాటిన ఖాతాలను ముప్పై రోజులకొక బకెట్ చొప్పున విడగొట్టడం ఆ పనిలో అలవాటు. మొదటి బకెట్‌లో ఉన్న మనిషితో మర్యాదగా మాట్లాడతారు, రెండో బకెట్‌లో గుర్తుచేస్తారు, మూడో బకెట్ నుంచి గొంతు మారుతుంది. మినిమమ్ డ్యూ గడువు తేదీ నుంచి 90 రోజుల్లోగా కట్టకపోతే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే వసూలు కాని అప్పుగా చూపించాలి, దానికి బ్యాంకు తన లాభంలోంచి కొంత పక్కన పెట్టాలి. ఆ తరువాత ఆరు నెలల ప్రాంతంలో చాలా సంస్థలు దాన్ని రైట్ ఆఫ్ చేస్తాయి. ఈ మాట విని బాకీ మాఫీ అయిందని సంతోషించినవాళ్ళను నేను చాలామందిని చూశాను. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన పద్దుపుస్తకంలో చేసుకునే సర్దుబాటు మాత్రమే. మీరు బాకీ ఉన్నారన్న విషయం అంగుళం కూడా కదలదు, వసూలు కూడా ఆగదు.

అయితే సెటిల్మెంట్ మాట నిజంగా వినబడేది ఆ దశలోనే. బ్యాంకు దృష్టిలో అప్పటికే పోయినట్టు లెక్కగట్టిన డబ్బులో ఎంత వస్తే అంత లాభం. మీరు తొమ్మిది నెలల దగ్గర ఉన్నారు కాబట్టి ఆ ఫోన్ రావడంలో వింత లేదు. వింత ఉన్నది లింకులో. ఏజెంటుకు మీ ఫైలు మూసే అధికారం ఉండదు, అతనికి వచ్చేది వసూలైన దాని మీద కమిషన్. రాజీ పరిష్కారాల మీద, అంటే ఇలాంటి సెటిల్మెంట్ల మీద రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, అప్పు మంజూరు చేసిన అధికారికన్నా కనీసం ఒక మెట్టు పైన ఉన్నవారే ఆ రాజీని ఆమోదించాలి. ఫోన్‌లో మాట్లాడే మనిషి ఆ మెట్టు మీద లేడని వేరే చెప్పనక్కరలేదు. కాగితం లేకుండా వేసిన ₹35,000 మీ బాకీలోంచి తగ్గుతుందేమో కానీ, రేపు ఆ ఏజెంటు మారిపోతే వచ్చే కొత్త మనిషికి మీ పాత ఒప్పందంతో సంబంధం ఉండదు. ఆ లింకు ఎవరి ఖాతాకు వెళుతుందో తెలియకపోతే బాకీలోంచి తగ్గుతుందన్న హామీ కూడా లేదు.

ఇక "ఈరోజే ఆఖరు" అన్న మాట. నేను ఆ మాట ఎన్ని వేల సార్లు అన్నానో లెక్కలేదు. మరుసటి నెల అదే మనిషికి అంతకన్నా తక్కువ మొత్తం చెప్పిన రోజులూ ఉన్నాయి. నెలాఖరు, మూడు నెలల ముగింపు, ముఖ్యంగా మార్చి నెల, వీటి దగ్గర వసూలు లక్ష్యాల ఒత్తిడి మా మీద ఉండేది. ఆ ఒత్తిడినే మీ మీదకు తోసేవాళ్ళం.

తాళంచెవి

నెలాఖరు గారూ, ఇంటి అప్పు మాట ఎత్తారు కాబట్టి నా సంగతి రాస్తున్నాను. కొన్నేళ్ళ కిందట నేను ₹88,000 బాకీని ₹40,000కు సెటిల్ చేసుకున్నాను. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి, మోసం ఏమీ జరగలేదు. నాలుగేళ్ళ తరువాత ఇంటి అప్పుకు వెళితే, జీతం, ఆస్తి పత్రాలు అన్నీ చూసిన తరువాత మేనేజరు గారు సిబిల్ రిపోర్టులో (మన అప్పులు, చెల్లింపుల చరిత్ర చూపే నివేదిక) ఒక వరుస చూపించారు. ఆ ఖాతా పక్కన "క్లోజ్డ్" అని ఉండవలసిన చోట "సెటిల్డ్" అని ఉంది. పూర్తిగా కట్టలేదని దాని అర్థం. స్కోరు అప్పటికి 740 దాకా కోలుకున్నా ఆ ఒక్క మాట దగ్గరే పని ఆగిపోయింది. చివరికి పాత కార్డు బ్యాంకుకు వెళ్ళి, అప్పుడు మాఫీ చేసిన ₹48,000 కట్టేస్తానని రాసిచ్చి, కట్టి, కొత్తగా నో డ్యూ సర్టిఫికెట్ (ఇక బాకీ లేదన్న పత్రం) తీసుకుని, రిపోర్టులో "క్లోజ్డ్" అని మార్పించుకున్నాను. అంటే నాలుగేళ్ళ పాటు తగ్గింపు వచ్చిందన్న తృప్తి మాత్రం మిగిలింది, డబ్బు మిగలలేదు. ఆ మార్పుకు ఒప్పుకున్న బ్యాంకు దొరకడం కూడా నా అదృష్టమే అనుకుంటాను.

మధ్యవర్తి

న్యాయవాదిగా కొన్ని విషయాలు చెబుతాను; మీ ఫైలు చూడకుండా రాస్తున్నాను కాబట్టి సంతకం పెట్టే ముందు మీ దగ్గరలోని న్యాయవాదికి ఒకసారి చూపించండి.

కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు. అది సివిల్ బాధ్యత. పోలీసులు వస్తారు, వారెంటు వచ్చింది అన్న మాటలకు ఆధారం లేదు. కానీ సివిల్ బాధ్యతను చేజేతులా క్రిమినల్ కేసుగా మార్చుకునే దారి ఒకటుంది, సెటిల్మెంట్లలోనే అది ఎక్కువగా కనబడుతుంది. వాయిదాలకు ముందు తేదీలు వేసిన చెక్కులు ఇమ్మంటారు. ఆ చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా ఉండవచ్చు. ఖాతా నుంచి వాయిదా దానంతట అదే తీసుకునే మ్యాండేటు ఇచ్చి, ఖాతాలో డబ్బు లేక అది తిరిగివస్తే, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద దాదాపు అదే పరిస్థితి. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఒప్పుకోండి, వస్తుందన్న ఆశ మీద చెక్కు రాయకండి.

రెండవది కాలపరిమితి. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి దావా వేయడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది. ఆ గడువు లోపల మీరు బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా, కొంత సొమ్ము కట్టినా, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. "నమ్మకం కోసం ఒక రెండు వేలు వేయండి" అని ఏజెంట్లు అడగడం వెనుక ఇది కూడా ఉంటుంది. తొమ్మిది నెలల బాకీకి ఈ విషయం పెద్దగా పట్టదు కానీ, రెండున్నరేళ్ళుగా ఎవరూ పలకరించని బాకీ ఉన్నవారు చదువుతుంటే గుర్తుంచుకోండి.

లోక్ అదాలత్ నోటీసు వస్తే చాలామంది బెదిరిపోతారు. నిజానికి అందులో మీకే అనుకూలత ఎక్కువ. దావా పడకముందే అక్కడ మాట్లాడుకోవచ్చు, రుసుము లేదు, మీరు ఒప్పుకోనిదే ఏదీ జరగదు. ఒప్పుకుంటే మాత్రం 1987 నాటి న్యాయసేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు (అక్కడ రాసే తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. బ్యాంకు ప్రతినిధి, మీరు, ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం చేతికి వస్తుంది. ఏజెంటు వాట్సాప్ సందేశానికీ దానికీ పోలిక ఎక్కడిది?

చివరగా, మీ జీతం ఖాతా సంగతి. బాకీ ఉన్న బ్యాంకులోనే మీ పొదుపు ఖాతా ఉంటే, కార్డు ఒప్పందంలోని షరతు చూపించి అందులోని సొమ్మును బాకీకి సర్దుకునే ప్రమాదం ఉంది. రేపే కంపెనీవారికి వేరే బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వండి. అదే కోర్టు డిక్రీ ద్వారా జీతం జప్తుకు వస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్షణ ఉంటుంది: మొదటి వెయ్యి రూపాయలనూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులనూ ముట్టుకోరాదు, ప్రావిడెంట్ ఫండు జోలికి రారాదు. బ్యాంకు తన దగ్గరి ఖాతాలో సర్దుకునేటప్పుడు అంత ఓపిక ఉండదు.

మాట నిలకడ

అందరూ తగ్గింపు ఎలా సంపాదించాలో చెబుతున్నారు కాబట్టి రెండో వైపు ఒక్క మాట రాయాలనిపించింది. వాడుకున్నది ₹2,10,000 అని తెలిసీ ₹1,45,000 ఇచ్చి చేతులు దులుపుకోవడం న్యాయమేనా? ఉద్యోగం దొరికిన మనిషి నెలనెలా కట్టుకోలేడా? అప్పు చేసి పప్పుకూడు తిన్నవారి భారం, క్రమంగా కట్టేవారి మీద వడ్డీ రూపంలో పడుతుంది కదా.

తీరిక లేదు

మాట నిలకడ గారూ, ఆ సామెత నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం లేదు. నేను కార్డు గీకింది పప్పుకూడు కోసం కాదు, మా అమ్మకు శస్త్రచికిత్స జరిగినప్పుడు ఆసుపత్రి బిల్లుల కౌంటరు దగ్గర. అయినా మీ ప్రశ్నలో నిజం ఉంది, కట్టగలిగినవారు కట్టాలి. సెటిల్మెంట్ కట్టలేనివారి కోసమే. ఎవరు కట్టగలరన్నది మాత్రం వారి ఇంటి లెక్క చూసినవారే చెప్పాలి.

బకెట్ నాలుగు

దీనికి నేనూ జవాబు చెప్పాలి. కట్టే స్తోమత ఉన్నవారు సెటిల్మెంట్ కోసమే కావాలని కట్టడం మానేయడం నేను చూశాను, అది వారికే నష్టం. ఆ ఆరు నెలల ఎగవేత రిపోర్టులో నెలనెలా నమోదవుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారైనా ఆ వివరాలు పంపాలి కాబట్టి మచ్చ ఇంకా త్వరగా పడుతుంది. రాజీ చేసుకున్న మనిషికి అదే సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని కూడా 2023 సర్క్యులర్‌లో ఉంది. స్తోమత ఉన్నవారు ముందే వెళ్ళి బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని అడగడం మేలు. బంగారం ఉన్నవారు దాని మీద అప్పు తెచ్చి కార్డు తీర్చినా, 42 శాతం పోయి అందులో సగంకన్నా తక్కువ వడ్డీ వస్తుంది. మెడలోది తీసి తాకట్టు పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు కానీ, లెక్క మాత్రం అదే చెబుతుంది.

నెలాఖరు

అందరికీ కృతజ్ఞతలు. లింకుకు డబ్బు వేయలేదు. వేయనన్న మరునాటి నుంచి ఫోన్ల తీరు మారింది. నిన్న రాత్రి 9 గంటల తరువాత మా అక్కయ్యకు ఫోన్ చేసి, మీ తమ్ముడు ఎగ్గొట్టి తిరుగుతున్నాడని చెప్పారట. ఆమె నంబరు నేను కార్డు దరఖాస్తులో ఇచ్చినది. ఈ ఉదయం ఆఫీసు రిసెప్షన్‌కు కూడా చేశారు. పరువు పోతుందన్న భయంతో అడిగినంతా కట్టేద్దామా అనిపిస్తోంది.

తీరిక లేదు

కట్టకండి, కనీసం ఆ భయంతో కట్టకండి. నేను దీనిని దాటి వచ్చాను. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12 నాటి ఆదేశం ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత వసూలు ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి వెళ్ళకూడదు. ఏజెంటు చేసిన పనికి బ్యాంకే బాధ్యత వహించాలి. కాబట్టి ఏజెంటుతో వాదించడం మానేసి, ఫోన్ వచ్చిన తేదీలు, సమయాలు, నంబర్లు రాసి, రికార్డింగులు ఉంటే జతచేసి, బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి, నోడల్ అధికారికి ఈమెయిల్ పంపండి. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 2021 నవంబరు నుంచి అన్ని రకాల సంస్థలకూ ఒకే పథకం ఉంది.

నేను పంపిన మెయిల్లో ఒక వాక్యం కావాలనే పెట్టాను: "బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటున్నాను, తీర్చాలనుకుంటున్నాను, ఇకపై రాతపూర్వకంగానే మాట్లాడతాను." నాలుగు రోజుల్లో ఏజెంటు స్థానంలో బ్యాంకు ఉద్యోగి ఫోన్ చేశారు.

మధ్యవర్తి

ఆ వాక్యం బాగుంది, కానీ అందులో మొదటి మాట కాలపరిమితిని కొత్తగా మొదలుపెడుతుందని గమనించండి. నెలాఖరు గారికి ఇబ్బంది లేదు, పాత బాకీదారులు మాత్రం దానిని యథాతథంగా వాడకండి.

పసుపు కవరు

నేను వేరే హెచ్చరిక చేయడానికి వచ్చాను. "మీ కార్డు బాకీని సగానికి తగ్గిస్తాం" అని ప్రకటనలు ఇచ్చే ఒక సంస్థను నమ్మాను. ఇక బ్యాంకుకు ఏమీ కట్టవద్దని, బదులుగా తమకు నెలకు ₹6,000 పంపితే, అది కూడగట్టి బేరం ఆడతామని చెప్పారు. పది నెలలు పంపాను. ఆ పది నెలల్లో వాళ్ళు చేసిందల్లా బ్యాంకుకు రెండు నోటీసులు పంపడం. చివరికి లోక్ అదాలత్‌లో నేనే కూర్చుని మాట్లాడుకుంటే గంటన్నరలో తేలిపోయింది. నేను పంపిన ₹60,000లో ₹42,000 తమ రుసుమని మినహాయించుకున్నారు. బ్యాంకుతో మాట్లాడడానికి ప్రత్యేకమైన విద్య ఏదీ అవసరం లేదు, భయపడకుండా మూడుసార్లు "కాగితం మీద ఇవ్వండి" అనగలిగితే చాలు.

గడప

సందర్భం కాదేమో, క్షమించాలి. నా భర్త పోయిన ఐదు నెలలకు ఆయన కార్డు బాకీ నన్ను కట్టమంటున్నారు, తక్కువకు సెటిల్ చేస్తామంటున్నారు. నేను ఎక్కడా సంతకం పెట్టలేదు.

మధ్యవర్తి

అమ్మా, ఆయన బాకీ ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే వసూలు చేసుకోవాలి. ఆ ఆస్తిలో మీకు ఎంత చేరిందో అంతవరకే మీ బాధ్యత, మీ సొంత జీతం, మీ సొంత ఆస్తి అందులోకి రావు. యాడ్ ఆన్ కార్డు (ఆయన కార్డు ఖాతా మీదే ఇచ్చే అదనపు కార్డు) మీ పేరున ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మరణ ధ్రువపత్రం జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి. సెటిల్మెంట్ పత్రం మీద మాత్రం మీ పేరుతో సంతకం పెట్టకండి. లేని బాధ్యతను మీరే నెత్తికెత్తుకున్నట్టు అవుతుంది. కార్డుతో పాటు ఏదైనా బీమా ఉందేమో కూడా అడగండి.

చెట్టు కింద ప్లీడరు

మన రెండు రాష్ట్రాల్లో ఇంకొక మాట తరచుగా వినబడుతుంది: "ఐపీ పెట్టేస్తే పోతుంది కదా" అని, అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేయడం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ఇంకా అమల్లో ఉంది. అందులో బాకీ కనీసం ₹500 ఉంటే చాలన్న అంకె చూస్తే దాని వయసు తెలుస్తుంది. కానీ ఆస్తులన్నీ కోర్టు ముందు పెట్టాలి, విచారణ ఏళ్ళ తరబడి సాగుతుంది. ఒక్క కార్డు బాకీ కోసం ఐపీ పెట్టడం, ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

నెలాఖరు

ఫిర్యాదు మెయిల్ పంపిన పన్నెండో రోజున బ్యాంకు నుంచే ఒక అధికారిణి మాట్లాడారు, మర్యాదగానే మాట్లాడారు. రెండు దారులు చెప్పారు. మొదటిది, ఆలస్య రుసుములు, కొంత వడ్డీ తీసేసి ₹2,40,000ను 16 శాతం వడ్డీతో 24 వాయిదాలుగా మార్చడం. నెలకు దాదాపు ₹11,750 పడుతుంది, పూర్తయితే "క్లోజ్డ్" అని వస్తుంది. రెండవది ₹1,80,000కు సెటిల్మెంట్, మూడు వాయిదాలు, మూడు నెలల లోపల. ఏజెంటు చెప్పిన ₹1,45,000 సంగతి అడిగితే, అలాంటి ఆమోదం ఏదీ తమ రికార్డులో లేదన్నారు.

బకెట్ నాలుగు

మూడు నెలలు అనడానికి కారణం ఉంది. సెటిల్మెంట్ సొమ్ము చెల్లించే గడువు మూడు నెలలు దాటితే దానిని రాజీగా కాకుండా అప్పు పునర్వ్యవస్థీకరణగా, అంటే షరతులు మార్చి కొనసాగించే అప్పుగా లెక్కవేయాలి. బ్యాంకుకు అది తలనొప్పి. కాబట్టి నాలుగో నెల అడగకండి, ఇవ్వరు.

రెండో దారి తీసుకుంటే, డబ్బు వేయకముందే లేఖ చేతికి రావాలి. అది బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచో, లెటర్‌హెడ్ మీదో ఉండాలి. మీ పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఆ రోజుకు ఉన్న మొత్తం బాకీ, ఒప్పుకున్న మొత్తం, ఒక్కొక్క వాయిదా తేదీ అందులో కనబడాలి. ఈ చెల్లింపుతో బాకీ మొత్తం తీరినట్టేనని, మిగిలినదానిని బ్యాంకు గానీ, బ్యాంకు నుంచి ఈ బాకీని కొనుక్కున్న సంస్థ గానీ అడగదని స్పష్టమైన వాక్యం ఉండాలి. ఈ చివరి భాగం ఎందుకంటే, పాత బాకీలను కట్టలు కట్టి ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మేయడం మామూలే. సెటిల్ అయిన ఫైలు పొరపాటున ఆ కట్టలోకి వెళ్ళిపోయి, మూడేళ్ళ తరువాత కొత్త సంస్థ నుంచి నోటీసు వచ్చిన కేసులు నా చేతుల మీదుగానే నడిచాయి. అప్పటికే బాకీ అమ్ముడైపోయి ఉంటే బ్యాంకు లేఖకు విలువ లేదు, కొన్న సంస్థ లేఖే కావాలి. ఒక్క వాయిదా తప్పితే ఒప్పందం రద్దవుతుందన్న షరతు దాదాపు ప్రతి లేఖలోనూ ఉంటుంది కాబట్టి, తేదీకి రెండు రోజుల ముందే వేయండి. డబ్బు నేరుగా కార్డు నంబరుకు వెళ్ళాలి. నగదు ఎవరి చేతికీ ఇవ్వకండి.

రిపోర్టులో ఏమని పంపుతారో కూడా లేఖలో రాయించుకోండి. అసలు మొత్తం కట్టేశాం కాబట్టి "క్లోజ్డ్" వస్తుందని కొందరు అనుకుంటారు. వడ్డీ మాఫీ అయినా అది మాఫీయే. లేఖలో సెటిల్మెంట్ అని ఉంటే రిపోర్టులోనూ అదే వస్తుంది.

తాళంచెవి

నెలాఖరు గారూ, ఇల్లు కొనాలన్న ఆలోచన నిజమైతే మొదటి దారే పట్టండి. 24 వాయిదాలకు మీరు కట్టేది మొత్తం ₹2,82,000. సెటిల్మెంట్‌కన్నా లక్షకు పైగా ఎక్కువే, కాదనను. కానీ ఇంటి అప్పు తిరస్కరించిన రోజున ఆ లక్ష చిన్నదిగా కనబడుతుంది.

నెలాఖరు

తాళంచెవి గారూ, మూడు రాత్రులు లెక్క వేశాను. ఇంటి అద్దె, పిల్లవాడి ఫీజు పోగా నా చేతిలో మిగిలేది నెలకు ₹9,000 లోపే. ₹11,750 వాయిదా ఒప్పుకుని ఐదో నెలలో తప్పితే, అప్పుడు రెండు మచ్చలు పడతాయి. అందుకే ₹1,80,000 సెటిల్మెంట్‌కే ఒప్పుకున్నాను. ఇల్లు కొన్నేళ్ళు వెనక్కి పోతుంది, తెలిసే ఒప్పుకున్నాను. లేఖ వచ్చింది, మధ్యవర్తి గారు చెప్పినట్టు ఒక న్యాయవాదికి చూపించాను. కొనుక్కున్న సంస్థ గురించిన వాక్యం మొదట లేదు, అడిగితే చేర్చి మళ్ళీ పంపారు. చెక్కులు అడిగారు, ఇవ్వనన్నాను, పట్టుబట్టలేదు. జీతం ఖాతా మార్చుకున్నాను. మొదటి ₹60,000 నా డబ్బే, ఈ ఉదయం వేశాను.

మాట నిలకడ

ఈ వివరాలు చదివాక నా మొదటి ప్రశ్న మీకు వర్తించదని ఒప్పుకుంటున్నాను.

నెలాఖరు

నాలుగు నెలల తరువాత రాస్తున్నాను. మూడు వాయిదాలూ కట్టేశాను, నో డ్యూ సర్టిఫికెట్ వచ్చింది. అయితే నెలన్నర గడిచినా సిబిల్ రిపోర్టులో ₹3,00,000 పైగా బాకీ అలాగే కనబడుతోంది. సెటిల్డ్ అని కూడా మార్చలేదు. ఏం చేయాలి?

లెక్కల పుస్తకం

సిబిల్ వెబ్‌సైటులోనే వివాదం నమోదు చేసి, సర్టిఫికెట్ జతచేయండి. బ్యాంకుకు కూడా ఒక ప్రతి పంపండి. ఫిర్యాదు నమోదైన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ ₹100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా చూసుకోండి. నాలుగూ ఏడాదికొకసారి ఉచితంగా ఇవ్వాలి. రేపు ఇంటి అప్పు ఇచ్చేవారు ఏది తెరుస్తారో మనకు తెలియదు.

నెలాఖరు

ఇరవై ఆరో రోజున సిబిల్‌లో సరిచేశారు. ఇప్పుడు బాకీ సున్నా, పక్కన సెటిల్డ్ అని ఉంది. ఈక్విఫాక్స్‌లో ఇంకా పాత అంకే ఉంది, దానికి వేరే ఫిర్యాదు పెట్టాను. రెండో కార్డు ₹40,000కు నెలకు ₹5,000 చొప్పున పూర్తిగానే కడుతున్నాను, దానికి తగ్గింపు అడగలేదు. బావగారికి ఇవ్వవలసిన ₹1,20,000 అలాగే ఉంది. ఆయన దగ్గర సెటిల్మెంట్ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు.